సగటుగారికి తగ్గింది

పెద్దపేగు పుండ్లకు కొత్త మందు పరీక్షిస్తున్న అధ్యయనం పద్నాలుగో వారంలో పడ్డాక, ఒక సోమవారం ఉదయం పదీ ఇరవైకి, అందులో నమోదైన నూట ఎనభై ఆరుగురు రోగుల సగటు మనిషి షేర్ ఆటో దిగి, హనుమకొండలో ఒక ఆసుపత్రి మూడో అంతస్తుకు వచ్చి, ఏడో నంబరు టోకెన్ తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన్ని ఆపి వేలిముద్ర పెట్టమన్నాడు. యంత్రం నూట ఎనభై ఆరు పేర్లు వరసగా చూపించి పచ్చలైటు వెలిగించింది. పచ్చలైటు వెలిగితే పైకి పంపాలన్నది సెక్యూరిటీకి ఉన్న ఆదేశం. పంపాడు.

ఆయన వయసు నలభై ఒకటి పాయింటు మూడు. రోగుల్లో మగవాళ్లు సగానికి కొంచెం పైన కాబట్టి మగవాడిగానే వచ్చాడు గాని, ఎడమ చేతికి నాలుగు గాజులున్నాయి. మీసం కుడివైపు మాత్రమే ఉంది. పిల్లలు ఒకటీ పాయింటు ఏడుగురు. పర్సులోంచి తీసి చూపించిన ఫొటోలో రెండో పిల్ల మోకాళ్ల దాకానే ఉంది. ఎవరికి అసలు మందు ఇస్తున్నారో, ఎవరికి ఉత్త గోళీ ఇస్తున్నారో ఏడాది చివరి దాకా విప్పి చూడకూడదు కనుక రెండు గుంపులకూ కలిపి ఆయనొక్కడే వచ్చాడు. రోజుకు రెండు పాయింటు ఆరు సార్లు విరేచనానికి వెళ్తాడు. రెండుసార్లు మామూలుగా వెళ్లి వస్తాడు. మూడోసారి గడియ పెట్టుకుని, కాసేపు కూర్చుని, మనసు మార్చుకుని బయటికొస్తాడు.

మూడో అంతస్తులో ఎవరూ కంగారుపడలేదు. పద్నాలుగు వారాలుగా ప్రతి సమావేశంలోనూ ఆయన గురించే మాట్లాడుకుంటున్నారు. సగటు రోగికి నొప్పి తగ్గింది, సగటు రోగి బరువు పెరిగాడు అని అంతగా తలుచుకున్నాక మనిషి రాకపోతేనే వింత. అధ్యయనానికి పెద్ద అయిన డాక్టర్ చక్రపాణి లేచి నిలబడి చెయ్యి కలిపి, "ఇన్నాళ్లకు వచ్చారు" అన్నాడు. టిఫిన్ చేశారా అని కూడా అడిగాడు. చేశానన్నాడు సగటుగారు. ఒక ఇడ్లీ, ముప్పావు దోశె, రెండు చెంచాల జావ.

మధ్యాహ్నానికి, రోగుల బాగోగులు చూడాల్సిన నైతిక కమిటీ నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ఎవరినీ విడివిడిగా పరీక్షించనక్కర్లేదు, అందరి తరఫునా సగటుగారిని పరీక్షిస్తే చాలు. నూట ఎనభై ఆరుగురికి గుచ్చే సూది ఒక్కరికే గుచ్చితే లోకంలో నొప్పి ఎంత తగ్గుతుందో లెక్కకట్టి కింద వేశారు. కమిటీలో ఉన్నవాళ్లంతా దయగలవాళ్లే. రోగులు మాత్రం ఎప్పటిలాగే వచ్చి టోకెన్ తీసుకుని కూర్చోవాలి, ఎందుకంటే వాళ్లు లేకపోతే సగటు ఉండదు. చివర మరో మాట ఉంది. రోజుకు 2.6 సార్లు వెళ్లే మనిషికి అయిదు బాత్రూములు దుబారా. సాయంత్రానికల్లా నాలుగింటికి తాళాలు పడ్డాయి.

గుండెబోయిన సమ్మక్క ఆ అధ్యయనంలో అరవై మూడో రోగి. ముప్పై తొమ్మిదేళ్లు. హనుమకొండ నుంచి ఏటూరునాగారం పోయే బస్సులో కండక్టర్. నాలుగేళ్లుగా పెద్దపేగులో పుండ్లు. ఆ దారిలో ఏ ఊరు ఎన్నో కిలోమీటరో అందరు కండక్టర్లకూ తెలుసు. ఎక్కడ బాత్రూం ఉందో, దానికి గడియ పడుతుందో లేదో సమ్మక్కకు తెలుసు. డ్రైవర్ కొమురయ్య అద్దంలో ఆమె ముఖం చూసి బండి ఆపేవాడు. ములుగుకు ముందు పెట్రోల్ బంకు దగ్గర ఆపి, "ఇంజన్ల నీళ్లు సూడాలె" అని అందరికీ వినపడేట్టు చెప్పి, బానెట్ ఎత్తి, ఆమె తిరిగొచ్చేదాకా లోపలికి తొంగిచూస్తూ నిలబడేవాడు. నాలుగేళ్లలో ఆ ఇంజన్‌లో నీళ్లు ఒక్కరోజు కూడా తగ్గలేదు. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

రోగులకు నీలం అట్ట డైరీ ఒకటి ఇచ్చారు. రోజూ పడుకునే ముందు ఎన్నిసార్లు వెళ్లిందీ, నెత్తురు పడిందా లేదా, నొప్పి ఎంతన్నదీ అందులో రాయాలి. అలా ఎవరూ రాయలేదు. రెండు వారాలదీ కలిపి ఆసుపత్రికి వచ్చే దారిలో, ఆటోలోనో బస్సులోనో, ఒకే పెన్నుతో ఒకే ఊపులో నింపేవారు. సమ్మక్కా అంతే. పదకొండు అని రాయబోతే చెయ్యి ఆగిపోయేది. పెద్ద డాక్టరు చదివే పుస్తకం, ఆడమనిషి అందులో పదకొండని ఎట్లా రాస్తుంది? మూడు మర్యాదైన అంకె. మూడు రాసేది.

ఆపైన డాక్టరు. చక్రపాణి చేతిలో పెన్ను పక్కన పెట్టి, రోగి కళ్లలోకి చూసి, "ఎలా ఉందమ్మా?" అని అడిగేవాడు. అంత పెద్దాయన అంత ప్రేమగా అడిగాక, బాగలేదని చెప్పి ఆయన మనసు కష్టపెట్టడం ఎవరికి చేతనవుతుంది? "మంచిగనే ఉన్నది సార్" అనేది సమ్మక్క. ఆమె ముందు టోకెన్ వాళ్లూ అదే అన్నారు, వెనక టోకెన్ వాళ్లూ అదే అన్నారు. వైద్యుడి దగ్గర నిజం దాచకూడదని పెద్దలు చెప్పారు గాని, వైద్యుడు మంచివాడైతే ఏం చెయ్యాలో చెప్పలేదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం అన్నట్టు, అందరూ మంచిగనే ఉన్నారు, మూడో అంతస్తులో అయిదు బాత్రూముల్లో ఒక్కటీ ఏనాడూ ఖాళీ ఉండేది కాదు.

ఆ వారం సమ్మక్క ఒంట్లో నెత్తురు ఏడుకు పడిపోయింది. బయట ల్యాబులో సొంతంగా చేయించుకుంటే తెలిసింది. బస్సు ఫుట్‌బోర్డు ఎక్కితే కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయి. ఇలాంటప్పుడు వాడటానికే అధ్యయనంలో ఆపద మందు అని ఒకటుంది. కోఆర్డినేటర్ గదిలో చిన్న ఫ్రిజ్‌లో, ఒకే ఒక సీసా. పరిస్థితి విషమిస్తే రోగికి దాన్ని సూదితో ఇవ్వాలని నిబంధన తొమ్మిది పాయింటు నాలుగు చెబుతుంది. రెండు వారాలకోసారి రోగులు వచ్చే విజిట్‌కు ఈసారి గడువు గురువారం సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. నాలుగు దాటాక ఇస్తే నిబంధన ఉల్లంఘన. మళ్లీ అవకాశం రెండు వారాలకు. రెండు వారాలు తను ఆగలేనని సమ్మక్కకు తెలుసు. మందుతో తగ్గకపోతే ఆ పేగు కోసి తీసేయడం తప్ప దారి లేదని ఇదివరకే ఒక సర్జన్ చెప్పి ఉన్నాడు. ఆ సీసా కోసమే ఆమె గురువారం పొద్దుటి ట్రిప్పు మాని, సాయంత్రం ట్రిప్పు ఒప్పుకుని వచ్చింది.

పన్నెండో నంబరు టోకెన్ ఒంటిగంటా నలభైకి పిలిచారు.

"రండమ్మా, కూర్చోండి" అన్నాడు చక్రపాణి, కంప్యూటర్ తెర చూస్తూ. "చాలా బాగున్నారు మీరు."

"బాగలేను సార్" అంది సమ్మక్క. "పదకొండు సార్లు పోతాన్న. నెత్తురు పడుతాంది."

నాలుగేళ్లలో మొదటిసారి ఆ మాట బయటికి వచ్చింది. పైకప్పు కూలుతుందేమో అనుకుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"సోమవారం మిమ్మల్ని చూశాం కదమ్మా. రెండు పాయింటు ఆరు. నెత్తురు జాడ మాత్రమే ఉంది."

"నన్ను సూడలే సార్. ఆయనను సూసిన్రు."

"ఆయనలో మీరూ ఉన్నారు. నూట ఎనభై ఆరో వంతు."

"నా వంతు బాగలేదు సార్." సమ్మక్క ల్యాబు కాగితం బల్లమీద పెట్టింది.

డాక్టరు దాన్ని శ్రద్ధగా చదివాడు. ఆయన చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. బయటి రిపోర్టు లెక్కలోకి రాదని, వంతులకు విడిగా మందు ఇచ్చే నిబంధన ఏదీ లేదని నిజంగా బాధపడుతూ చెప్పాడు. "సగటు మూడు దాటిందనుకోండి, ఆ నిమిషమే ఇస్తాను. మందు ఫ్రిజ్‌లోనే ఉంది. డైరీలో పొరపాటు రాస్తే దిద్దుకునే హక్కు మీకుంది, దిద్దుకోండి."

దిద్దడానికి ఒక పద్ధతుంది. పాత అంకె కనపడేలా ఒకే ఒక అడ్డగీత కొట్టి, పక్కన కొత్త అంకె వేసి, పొట్టి సంతకం, తేదీ పెట్టాలి. కోఆర్డినేటర్ ఫర్జానా పక్కన నిలబడి చూపించింది. సమ్మక్క పద్నాలుగు రోజుల మూళ్లను కొట్టేసి పద్నాలుగు పదకొండ్లు వేసింది. వేస్తున్నంతసేపూ బట్టలిప్పి నిలబెట్టినట్టే ఉంది ఆమెకు. ఫర్జానా వాటిని కంప్యూటర్‌లో ఎక్కించింది. తెరమీద అంకె కదలలేదు. 2.6.

"ఎక్కించినవా?"

"ఎక్కించిన అక్కా. నీది ఎనిమిది పెరిగింది. నూట ఎనభై ఆరుతోని భాగిస్తే పాయింట్ సున్నా నాలుగు అయితది. మిషిన్ల చుక్క తర్వాత ఒక్క అంకెనే కనపడ్తది." ఫర్జానా గొంతు తగ్గించింది. "నీ ముఖం సూస్తే నాకు భయమైతాంది అక్కా. కానీ ముఖం ఎక్కించే డబ్బా లేదు ఇండ్ల."

రెండు గంటలా పది నిమిషాలు. సమ్మక్క బయటికి వచ్చి బాత్రూం తలుపు తోసింది. లోపల గడియ పెట్టి ఉంది. సగటుగారు పాయింటు ఆరుకు వెళ్లాడు. ఆమె గోడకు ఆనుకుని, పళ్లు బిగబట్టి, ములుగు దారిలో ఊళ్ల పేర్లు వరసగా లోపల చదువుకుంటూ నిలబడింది. బస్సులో అలాగే ఆగుతుంది. ఏడో ఊరు దాకా వచ్చాక తలుపు తెరుచుకుంది.

తిరిగొచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. దగ్గరగా చూస్తే ఆయన ముఖంలో అందరూ కొంచెం కొంచెం ఉన్నారు, ఎవరూ పూర్తిగా లేరు.

"అన్నా, ఒక్క మాట" అంది. "సార్‌కు జెప్పు, బాగలేదని. నువ్వు జెప్తే ఇంటడు."

"చెప్పాలనే ఉంటది చెల్లే" అన్నాడు సగటుగారు. ఆయన మాట సగం వరంగల్, పావు కరీంనగర్, మిగతాది ఎక్కడెక్కడిదో. "సోమవారం ఆయన అడిగిన్రు. బాగలేదనే నోరు తెరిచిన. మంచిగనే ఉన్నది సార్ అని వచ్చింది. నా నోట్ల వేరే మాట లేదు. మీరేది పెడితే గదే ఉన్నది."

ఆ "సార్" దగ్గర సాగదీత సమ్మక్కదే. ఆమె గుర్తుపట్టింది. గుర్తుపట్టి తలదించుకుంది.

"నాది దిద్దిన అన్నా. పదకొండు ఏసిన."

"తెలిసింది. ఇందాక కడుపుల ఇక్కడ ఒక్కసారి చురుక్కుమన్నది." ఆయన నాభి పక్కన వేలు పెట్టి చూపించాడు. "గంతే పోయింది. ఒక్కరి నిజంతోని నాకేం కాదు చెల్లే. చీమ కుట్టినట్టు."

సమ్మక్క చుట్టూ చూసింది. హాలులో తను కాక పంతొమ్మిది మంది ఉన్నారు. అందరి ఒళ్లోనూ నీలం డైరీలు. అందరి కళ్లూ బాత్రూం తలుపు మీదే ఉన్నాయి, ఎవరూ ఎవరినీ చూడటం లేదు. గోడ గడియారం రెండూ ఇరవై అయిదు చూపిస్తోంది.

ఆమె లేచి నిలబడింది. నిండు బస్సులో రాడ్డు పట్టుకున్నట్టు కుర్చీ వీపు పట్టుకుంది. పద్నాలుగేళ్ల సర్వీసులో చివరి సీటు దాకా వినపడేలా పెంచుకున్న గొంతు అది.

"ఎవరికెన్ని? చెప్పుండ్రి, చెప్పుండ్రి. ముందటి నుంచి రాండ్రి."

"మాకేమున్నదమ్మా, మంచిగనే ఉన్నం" అన్నాడు మొదటి కుర్చీ మనిషి.

"మంచిగున్నవో లేదో నేనడగలే. నేను డాక్టర్ను కాను, కండక్టర్ను. ఎన్ని?"

మన దగ్గర మనిషి డాక్టరుకు అబద్ధం చెబుతాడు, పోలీసుకు చెబుతాడు, కట్టుకున్నదానికి సరేసరి. కండక్టరు వచ్చి మీద నిలబడి "ఎన్ని?" అంటే మాత్రం ఆలోచించకుండా ఉన్న సంఖ్య చెబుతాడు. పుట్టిన్నాటి నుంచీ అలవాటు. మొదటి కుర్చీ మనిషి నోరు తెరిచి "ఎనిమిది" అనేశాడు, రెండు ములుగు అన్నంత మామూలుగా. అని, తనే అదిరిపడ్డాడు. డైరీలో రెండు ఉంది.

"ఎనిమిది. కొట్టేసి రాయి. సంతకం పెట్టు. తర్వాత?"

"ఆరు."

"ఏడక్కా."

కాలేజీ సంచీ ఒళ్లో పెట్టుకున్న అమ్మాయి గోడకేసి చూస్తూ "పద్నాలుగు" అంది. సమ్మక్క ఆ అమ్మాయి తలమీద చెయ్యి వేసి, "రాయి బిడ్డా" అని ముందుకు కదిలింది. ఫర్జానా గదిలోంచి బల్ల బయటికి లాగించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. దిద్దిన డైరీ దిద్దినట్టే ఎక్కిస్తోంది. 2.7. మూడు గంటలకు 2.8.

సగటుగారి ముఖం పాలిపోయింది. నుదుట చెమట పట్టింది. ఆయన లేచి బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. బయటికొచ్చాడు. కూర్చోబోయి, కూర్చోకుండానే మళ్లీ వెళ్లాడు. ఇప్పుడు చిక్కంతా అక్కడే వచ్చింది. ఇరవై మంది నిజం చెప్పినకొద్దీ ఆయన లోపల ఎక్కువసేపు ఉంటున్నాడు. ఆయన లోపల ఉన్నంతసేపూ ఇరవై మందికీ దారి లేదు. మొదటి కుర్చీ మనిషి రెండు చేతులతో కడుపు పట్టుకుని ముందుకు వంగిపోయాడు. ఒకామె తలుపు కొట్టి ఏడ్చింది. కింది అంతస్తుకు పోదామంటే లిఫ్టు ఆరో అంతస్తులో ఉంది, పైగా పిలిచినప్పుడు కుర్చీలో లేనివాళ్ల విజిట్ రద్దు. సమ్మక్క రెండు పొరలుగా పెట్టుకున్న గుడ్డ తడిసింది. ఆమెకు తెలిసింది. అయినా అడగడం ఆపలేదు.

మూడూ ముప్పై అయిదుకు తెరమీద 3.0 వచ్చింది.

తలుపు తెరుచుకుని డాక్టర్ చక్రపాణి బయటికొచ్చి తెర చూశాడు. "మూడు" అన్నాడు. "నిబంధన మూడు దాటాలంటుంది. మూడైతే దాటినట్టు కాదమ్మా." ఆయన గొంతులో కూడా ఆతృత ఉంది.

మిగిలింది ఒక్కడే. చివరి కుర్చీలో వేణుమాధవరావు, రిటైర్డ్ హెడ్మాస్టరు, ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా. సమ్మక్క ఎదురుగా నిలబడి "ఎన్ని?" అంది.

"రెండు" అన్నాడాయన. "నాది మొదటి నుంచీ రెండే."

"సార్, చిల్లర లేదన్నోళ్ల జేబులనే చిల్లర ఉంటది. ఒక్కసారి సూడుండ్రి."

"నాకు కోడండ్లున్నరమ్మా. ఈ కాయితాలు ఎవరెవరి చేతులకు పోతయో నీకు తెల్సా?"

"తెల్వది సార్." ఆమె కుర్చీ వీపు మీద బరువు వేసి వంగింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. "నేను ఇంకో పావుగంట నిలవడలేను. గదొక్కటే తెల్సు."

హెడ్మాస్టరు ఆమెను చూశాడు, గడియారం చూశాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. పద్నాలుగు గీతలు, స్కేలు పెట్టినట్టు తిన్నగా కొట్టాడు. "పన్నెండు" అన్నాడు, ఎవరికీ వినపడకుండా. ఫర్జానాకు వినపడింది.

3.1.

మూడూ నలభై ఆరు. "తొమ్మిది పాయింటు నాలుగు వర్తిస్తుంది" అన్నాడు చక్రపాణి గట్టిగా. "మందు తియ్యండి." హాలులో కొందరు చప్పట్లు కొట్టారు. కాలేజీ అమ్మాయి సమ్మక్కను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. సమ్మక్క ఖాకీ చొక్కా చెయ్యి పైకి మడిచింది. సంతోషమంటే అదే అయి ఉండాలి, ఆమెకు ఏడుపొచ్చింది.

ఫర్జానా ట్రేలో సీసా, సూది పెట్టుకుని వచ్చింది. సమ్మక్క ముందు ఆగింది. వెనక నుంచి డాక్టరు, "అక్కడ కాదు" అన్నాడు.

"సార్, అక్కకు..."

"రోగికి ఇవ్వాలని ఉంది ఫర్జానా. మనం పరీక్షించిన రోగి ఎవరు? ఎవరి అంకె దాటింది?"

సగటుగారిని ఇద్దరు పట్టుకుని బాత్రూంలోంచి తీసుకొచ్చారు. కుడి మీసం చెమటతో అతుక్కుపోయింది. గాజుల చెయ్యి కాదని రెండో చెయ్యి చాపాడు. మూడూ యాభై రెండుకు, గడువుకు ఎనిమిది నిమిషాల ముందు, ఆపద మందు మొత్తం ఆయనకు ఎక్కింది. ఎక్కేటప్పుడు ఆయన సమ్మక్కనే చూస్తూ ఉన్నాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు. "మంచిగనే ఉన్నది సార్" అని వచ్చింది.

మందు బాగా పనిచేసింది. నాలుగు నిమిషాల్లో ఆయన బుగ్గల్లోకి రంగొచ్చింది. ఆయనలో ఎవరి వంతు ఉందో వాళ్లందరికీ అందులో నూట ఎనభై ఆరో పాలు చేరినట్టు ఫర్జానా నమోదు చెయ్యాల్సి వచ్చింది. వందలో అరపాలు. సమ్మక్క కళ్లు మూసుకుని ఒళ్లంతా వెతుక్కుంది. ఎడమ మోచేతి దగ్గర ఎక్కడో, తడి వేలు తగిలినంత చల్లదనం ఒకటి వచ్చి పోయింది. అదే తన భాగమనుకుంది.

అప్పుడు చక్రపాణి పెన్ను జేబులో పెట్టుకుని వరసగా కుర్చీల దగ్గరికి వచ్చాడు. రావడానికి ముందు, దాచకుండా, ఒక మాట చెప్పాడు. ఆపద మందు పడ్డాక కూడా తగ్గలేదన్నవాళ్లను విఫలం కింద రాసి అధ్యయనం నుంచి పంపెయ్యాలి. గోళీలు కూడా ఈ పూటతోనే ఆగిపోతాయి. ఇది తను పెట్టిన నిబంధన కాదన్నాడు. ఎవరూ ఆయన్ని అనుమానించలేదు.

"ఎలా ఉంది?" అని మొదటి కుర్చీని అడిగాడు. మంచిగనే ఉన్నది సార్. రెండో కుర్చీ. మంచిగనే ఉన్నది. కాలేజీ అమ్మాయి గోడకేసి చూస్తూ చెప్పింది. హెడ్మాస్టరు లేచి నిలబడి చెప్పాడు. ఫర్జానా ఒక్కొక్కటే రాస్తోంది.

చక్రపాణి సమ్మక్క ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లలోకి చూశాడు. "ఎలా ఉందమ్మా?"

ఆ మాట ఎక్కడికి పోతుందో, ఎవరి కడుపులో పడుతుందో, ఎన్ని బాత్రూములకు తాళాలు వేస్తుందో ఈసారి ఆమెకు తెలుసు. గోళీ అసలుదో ఉత్తదో తెలియదు. అయినా ఆగిపోతే ఉన్న ఆ ఒక్క దారీ మూసుకుపోతుందని కూడా తెలుసు. అవతలి కుర్చీలో సగటుగారి పెదాలు కదులుతున్నాయి.

"మంచిగనే ఉన్నది సార్" అంది సమ్మక్క.

నాలుగు కొట్టింది. విజిట్ ముగిసింది. రాత్రి కమిటీ రిపోర్టుకు అంకెలు పంపేటప్పుడు సగటు 2.1 ఉంది.

సాయంత్రం అయిదుంబావు ట్రిప్పు సమ్మక్కదే. బస్టాండులో కొమురయ్య ఆమెను చూసి నీళ్ల సీసా ఇచ్చాడు. బస్సు కదిలే ముందు సగటుగారు ఎక్కి మధ్య సీటులో కూర్చున్నాడు. ఎన్ని అని అడిగితే ఒకటి అన్నాడు. ఎక్కడికి అంటే సగం దాకా అన్నాడు. ఆమె టికెట్ కొట్టి ఇచ్చింది.

ముందు సీట్లో ఇద్దరు ఆసుపత్రి సంగతులే మాట్లాడుకుంటున్నారు. వెనక్కి తిరిగి ఆయన్ని చూపించి, ఆయనకు కూడా పేగు జబ్బేనట, ఎంత నిమ్మళంగా కూసున్నడో చూడు, మనిషికి కొంచెం ఓపికుండాలె అని ఒకడన్నాడు. రెండోవాడు ఔనన్నాడు. సగటుగారు కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు.

ములుగుకు ముందు పెట్రోల్ బంకు కనపడింది. కొమురయ్య అద్దంలోకి చూశాడు. సమ్మక్క రెండు చేతులతో రాడ్డు పట్టుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతోంది. ఊళ్ల పేర్లు చదువుకుంటోంది. ఆయన బ్రేకు మీద కాలు పెట్టాడు. బండి నెమ్మదించింది. ముందు సీటు వాళ్లు ఎందుకు ఆపుతున్నాడని తలెత్తారు.

"సమ్మక్కా" అన్నాడు కొమురయ్య. "ఇంజన్ల నీళ్లు సూడాలె."

ఆమె కళ్లు తెరిచింది. మధ్య సీటు చూసింది.

"వద్దన్నా" అంది. "మంచిగనే ఉన్నది. రైట్, రైట్."

కొమురయ్య అద్దంలో ఇంకాసేపు చూశాడు. తర్వాత కాలు తీశాడు. బంకు వెనక్కి పోయింది. బస్సు ఆ రోజు ములుగుకు ఎనిమిది నిమిషాలు ముందు చేరింది.